‘ఎన్‌టెయిల్’: టెండరు నోటీసులో మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది, తెలుగులో ఏం పెట్టాలి?

పటమట_ప్రూఫ్

ఇక్కడ బెజవాడలో ఒక టెండరు నోటీసు తెలుగు చేసే పని నడుస్తోంది. అందులో ‘ఎన్‌టెయిల్’ అనే క్రియ మూడు చోట్ల తగిలింది. వాక్యాలు ఇవీ:

ఒకటి: ద వర్క్ ఎన్‌టెయిల్స్ డీసిల్టింగ్ ద డ్రెయిన్స్ అండ్ కార్టింగ్ అవే ద సిల్ట్.
రెండు: ఎనీ చేంజ్ ఇన్ అలైన్‌మెంట్ (కాల్వ వెళ్లే వరస) విల్ ఎన్‌టెయిల్ అడిషనల్ ఎక్స్‌పెండిచర్.
మూడు: ఫెయిల్యూర్ టు స్టార్ట్ వర్క్ ఇన్ టైమ్ షల్ ఎన్‌టెయిల్ ఫార్ఫీచర్ (జప్తు) ఆఫ్ ద డిపాజిట్.

మూడిటికీ ‘అనివార్య ఫలితంగా కలిగించు’ అని ఒకటే మాట పెట్టమంటున్నారు మా పైవాళ్లు. అలా పెడితే మొదటిది "ఈ పని కాల్వల పూడికతీతను అనివార్యంగా కలిగిస్తుంది" అని తయారవుద్ది. చదివినవాడు నవ్వుతాడు. అసలు ఈ మాట ఎక్కడిది, దీన్ని ఎలా వాడతారు, తెలుగులో ఏం పెడితే నిలబడుద్ది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఎర్రపెన్ను

చిక్కంతా ‘మూడిటికీ ఒకటే మాట’ అన్న షరతులోనే ఉందండీ. మొదటి వాక్యం పనిలో ఏమేం కలిసి ఉన్నాయో చెబుతోంది. రెండోది ఒకటి మారిస్తే మీద పడేదేంటో చెబుతోంది. మూడోది తప్పు చేస్తే పడే శిక్ష. మూడిట్లోనూ ఉమ్మడిగా ఉన్నది తప్పనిసరితనం ఒక్కటే: మొదటిది ఒప్పుకుంటే రెండోది వద్దనడానికి లేదు. తెలుగులో ఆ తప్పనిసరితనం ఒక్కోచోట ఒక్కో రూపంలో వస్తుంది.

తెలుగు సంగతికి వెళ్లేముందు ఇంగ్లీషు వాడుక గట్టి చేసుకుందాం, మన ఆఫీసు కాగితాల్లో ఎక్కువ తప్పులు అక్కడే.

దీనికి కర్తగా మనిషి రాడు. పని, నిర్ణయం, ప్లాను, ఆలస్యం, మార్పు, ఇలాంటివే కర్తలు. "కాంట్రాక్టరు ఎన్‌టెయిల్డ్ ఎ లాస్" అని రాశారంటే తప్పు. మనిషి నష్టం నెత్తిన వేసుకున్నాడని చెప్పడానికి ‘ఇన్‌కర్’ అని వేరే క్రియ ఉంది.

దీని తర్వాత నామవాచకం వస్తుంది, లేదా ‘ఇంగ్’తో ముగిసే రూపం వస్తుంది. ‘టు’ రాదు. "ద పోస్ట్ ఎన్‌టెయిల్స్ టు ట్రావెల్" తప్పు, "ఎన్‌టెయిల్స్ ట్రావెలింగ్" ఒప్పు. చేసే మనిషిని చెప్పాలంటే మధ్యలో ఇరికించాలి: "ఎన్‌టెయిల్స్ హిమ్ వర్కింగ్ నైట్స్". ‘ఈజ్ ఎన్‌టెయిలింగ్’ అనే జరుగుతున్న కాలం దాదాపు వాడరు, ఎందుకంటే ఇది జరిగే పనిని చెప్పే క్రియ కాదు, రెండిటి మధ్య ఉన్న సంబంధాన్ని చెప్పే క్రియ. భూతకాలపు రూపం మాత్రం నామవాచకం వెనక హాయిగా కూర్చుంటుంది: "ద రిస్క్స్ ఎన్‌టెయిల్డ్".

దీనితో ఎక్కువగా జతపడే మాటలు: ఖర్చు, రిస్కు, ఆలస్యం, అదనపు పని, బాధ్యత, నష్టం. గమనించారా, బరువులే ఎక్కువ. "సక్సెస్ ఎన్‌టెయిల్స్ హ్యాపీనెస్" వ్యాకరణం ప్రకారం తప్పు కాదు గానీ చెవికి ఇంపుగా ఉండదు.

ఇక మా గుంటూరు వైపు అర్జీల్లో ఎర్ర సిరా పడే పెద్ద తప్పు: "హీ ఈజ్ ఎన్‌టెయిల్డ్ టు పెన్షన్". అక్కడ ఉండాల్సింది ‘ఎన్‌టైటిల్డ్’. హక్కు ఉండడం వేరు, వెంట రావడం వేరు. రెండక్షరాలు జారితే పెన్షనుదారుడు శిక్షపడినవాడిలా కనిపిస్తాడు.

ఉచ్చారణ: మొదటి ముక్క ‘ఇన్’ అన్నా ‘ఎన్’ అన్నా చెల్లుతుంది. ఒత్తు మాత్రం ‘టెయిల్’ మీదే.

బందరుకాల్వ

‘టెయిల్’ అంటే తోక కదా. తోకలాగా వెంట వచ్చేది కాబట్టి ఎన్‌టెయిల్. దీనికి ఇంత చరిత్ర అక్కర్లేదేమో.

లబ్బీపేట_లైబ్రరీ

వినడానికి బాగుంది గానీ ఆ తోక, ఈ టెయిల్ ఒకటి కాదు. తోక అనే టెయిల్ పాత ఇంగ్లీషు సొంత మాట, జర్మానిక్ కుటుంబానిది. ఎన్‌టెయిల్‌లో ఉన్నది ఫ్రెంచి నుంచి వచ్చిన ‘తాయ్’, అంటే కోత. దాని క్రియకు అర్థం కోయడం, తెగ్గొట్టడం. అది చివరి కాలపు లాటిన్‌లోని ‘తాలియారే’ నుంచి వచ్చింది. బట్ట కోసేవాడు టైలర్ అయింది ఈ వేరు నుంచే. సరుకు ముక్కలు చేసి అమ్మేది రిటెయిల్, ముక్కముక్కగా విడమరిచేది డిటెయిల్. కర్ర మీద గాటు పెట్టి లెక్క రాసుకునే టాలీ కూడా ఆ చుట్టమే.

ఇంకో దగ్గరి చుట్టం ఇటలీ వైపు నుంచి వచ్చింది, ‘ఇన్‌టాలియో’. చెక్కడం అని అర్థం. మన కరెన్సీ నోటు మీద వేలు పెడితే ఉబ్బెత్తుగా తగిలే అచ్చుని ఇన్‌టాలియో ముద్రణ అంటారు. ఎన్‌టెయిల్‌కి కూడా ఒకప్పుడు ఇంగ్లీషులో ‘చెక్కు, నగిషీ పెట్టు’ అనే అర్థం ఉండేది, అది చచ్చిపోయింది.

మరి కోతకీ పర్యవసానానికీ సంబంధం ఏంటంటే, మధ్యలో భూమి ఉంది. 14వ శతాబ్దంలో ఈ క్రియ ఇంగ్లీషులోకి వచ్చింది ఆస్తి చట్టం మాటగా. ఆ ముక్క వకీలు గారు చెబితే బాగుంటుంది.

బ్రాడీపేట_వకీలు

చెబుతా, కొంచెం పొడుగే.

ఇంగ్లండులో భూమి మీద పూర్తి హక్కుని ‘ఫీ సింపుల్’ అంటారు. మన దస్తావేజుల్లో ‘దాన విక్రయ వినిమయాది సర్వహక్కులతో’ అని రాసుకుంటామే, ఇంచుమించు అదే. ఆ హక్కుని కోసి కుదించి, "ఇతనికీ, ఇతని కడుపున పుట్టిన వారసులకీ మాత్రమే" అని ఇస్తే అది ‘ఫీ టెయిల్’, కత్తిరించిన హక్కు. అలా కట్టడి చేసి ఇవ్వడమే ఎన్‌టెయిల్ చెయ్యడం. ఈ అర్థంలో మాత్రం కర్త మనిషే: "హీ ఎన్‌టెయిల్డ్ ద ఎస్టేట్ ఆన్ హిజ్ ఎల్డెస్ట్ సన్". ఎర్రపెన్ను గారు చెప్పిన ‘మనిషి కర్త కాడు’ అన్న నియమానికి ఇది మినహాయింపు.

మొదట్లో కోర్టులు దీన్ని షరతుతో కూడిన దానంగా చూసేవి. బిడ్డ పుడితే షరతు తీరిపోయినట్టే, ఆపైన భూమి అమ్ముకోవచ్చు. దానకర్తలకి ఇది నచ్చలేదు. మొదటి ఎడ్వర్డు కాలంలో, 1285లో, వెస్ట్‌మినిస్టర్ రెండో శాసనం మొదటి అధ్యాయం ఈ దారి మూసేసింది. ‘డి డోనిస్’ అని దాని పేరు. దాని ప్రకారం భూమి చేతిలో ఉన్నవాడు ఏం రాసిచ్చినా అది అతని తర్వాత వారసుణ్ణి కట్టిపడెయ్యదు. వంశం ఆగిపోతే భూమి ఇచ్చినవాడి వైపుకే తిరిగిపోతుంది.

అసలు తమాషా దాన్ని విప్పడంలో ఉంది. శాసనం తియ్యకుండానే వకీళ్లు దొంగదావా ఒకటి కనిపెట్టారు, పేరు ‘కామన్ రికవరీ’. నడిచే తీరు ఇదీ. భూమి ఉన్న రాముడు ముందు దాన్ని తన మనిషి భీముడి పేర పెడతాడు. కొనదలుచుకున్న సోముడు "ఆ భూమి నాది" అని భీముడి మీద దావా వేస్తాడు. భీముడు కోర్టులో "నాకు రాముడు హక్కు పూచీతో ఇచ్చాడు, అతన్ని పిలవండి" అంటాడు. రాముడు వచ్చి "నాకు ఫలానా అతను పూచీపడ్డాడు" అని ఇంకొకణ్ణి చూపిస్తాడు. ఆ ఫలానా అతను ఎవరో కాదు, మామూలుగా కోర్టులో పేర్లు పిలిచే బంట్రోతు! సెంటు భూమి లేనివాడు. అతను పూచీ నాదేనని ఒప్పుకుంటాడు. సోముడు "బయట ఇతనితో ఒక మాట మాట్లాడొస్తాం" అని అనుమతి అడుగుతాడు, ఇద్దరూ వెళ్తారు. సోముడు తిరిగొస్తాడు, బంట్రోతు రాడు. హాజరు కాలేదు కాబట్టి తీర్పు సోముడికి: భూమి సోముడిది. రాముడి వారసులకి అన్యాయం జరక్కుండా, అంతే విలువైన భూమి బంట్రోతు ఇచ్చుకోవాలి. అతని దగ్గర ఉంటేగా! వారసుల హక్కు కాగితం మీద భద్రం, చేతికి సున్నా.

ఇది చెల్లుతుందనడానికి 1472 నాటి టాల్టరమ్ కేసుని చూపిస్తారు. 1833లో ఫైన్స్ అండ్ రికవరీస్ చట్టం ఈ నాటకం రద్దు చేసి, మామూలు దస్తావేజు ఒకటి రాసి 6 నెలల్లో కోర్టులో నమోదు చేయిస్తే చాలంది. 1996 చట్టం తర్వాత ఇంగ్లండులో కొత్తగా ఎన్‌టెయిల్ పుట్టించడమే కుదరదు. అమెరికాలో వర్జీనియా 1776లోనే తీసేసింది, ఆ బిల్లు పెట్టింది తర్వాత అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్.

లబ్బీపేట_లైబ్రరీ

మాట అర్థం మారింది ఇక్కడే. భూమిని ఎవరి మీద ఎన్‌టెయిల్ చేస్తే వాళ్లకి ఇష్టమున్నా లేకపోయినా అది తరం వెంట తరం వస్తూ ఉంటుంది. దాంతో భూమి కానివాటికి కూడా వాడడం మొదలెట్టారు: అప్పు, శాపం, రోగం, పాపం, వీటిని "సంతానం మీద ఎన్‌టెయిల్ చేశాడు" అని. ఆ వాడుకలో ‘ఆన్’ లేదా ‘అపాన్’ తప్పకుండా ఉంటుంది. 19వ శతాబ్దం మొదట్లో ఆ ‘ఎవరి మీద’ అనేది రాలిపోయి ‘తప్పని పర్యవసానంగా తెచ్చు’ అన్నది మిగిలింది. అందుకే ఇవాళ్టికీ దానికి బరువుల వాసన వదల్లేదు.

పాత పుస్తకంలో ‘ఎన్‌టెయిల్ అపాన్’ కనిపిస్తే ‘సంక్రమింపజేయు’ అని పెట్టండి, బాగా అతుకుతుంది. కొత్త వాడుకకి మాత్రం అది పనికిరాదు.

కొండవీటి_చాంతాడు

వకీలు గారూ, మన పాత దస్తావేజుల్లో ‘పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించుకొనేది’ అని ఉంటుంది. అంటే మనకీ ఎన్‌టెయిల్ ఉన్నట్టేగా?

బ్రాడీపేట_వకీలు

చూడ్డానికి అలానే ఉంటుంది, అర్థం సరిగ్గా తిరగబడింది. పుత్రపౌత్ర పారంపర్యం అన్న మాటలకి కోర్టులు తీసుకున్న అర్థం ‘వారసత్వంగా దిగే పూర్తి హక్కు’ అని. పుచ్చుకున్నవాడు అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు. కొడుకులకి మాత్రమే పోవాలన్న కట్టడి ఆ మాటల్లో లేదు.

నిజంగా ఇంగ్లీషు తరహా ఎన్‌టెయిల్ మన దగ్గర పెట్టాలని చూసిన కేసు కలకత్తాది. ప్రసన్నకుమార్ టాగూరు వీలునామా. మగ వారసుల వరసలోనే ఆస్తి దిగాలని రాశాడు. 1872లో ప్రీవీ కౌన్సిలు (అప్పట్లో మనకి లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు), హిందూ ధర్మశాస్త్రానికి తెలియని కొత్తరకం వారసత్వాన్ని ఎవరూ సొంతంగా సృష్టించలేరని కొట్టేసింది.

మన జమీందారీల సంగతి వేరు. అక్కడ ఆస్తి పంచకుండా ఒక్కడికే దిగడం ఆచారం మీద నడిచింది. దానికి 1904లో మద్రాసు ఇంపార్టిబుల్ ఎస్టేట్స్ చట్టం వచ్చింది, మన రెండు జిల్లాలూ అప్పుడు ఆ రాజధానిలోవే. దాన్ని ఎన్‌టెయిల్ అని తర్జుమా చెయ్యకండి, అవిభాజ్య ఎస్టేటు అనాలి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ కథా ముగిసింది.

ఇప్పుడు దఖలు దస్తావేజు (సెటిల్‌మెంట్ డీడ్) రాయించేవాళ్లకి పనికొచ్చే ముక్క. "కొడుకు బతికినంతకాలం అనుభవం మాత్రమే, తదుపరి మనవడికి సర్వహక్కులు" అని రాస్తే చెల్లుతుంది. ఆ మనవడు ఇంకా పుట్టలేదా? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 13వ సెక్షను ప్రకారం పుట్టనివాడికి ఇచ్చేటప్పుడు మిగిలిన హక్కు మొత్తం ఇవ్వాలి, అతనికీ జీవితకాలపు అనుభవమే రాసి ముని మనవడి దాకా లాగితే తెగిపోతుంది. 14వ సెక్షను గడువు: బతికి ఉన్నవాళ్ల జీవితకాలం, దానిపైన ఒక మైనరు మేజరయ్యేదాకా. అంతకు మించి వాయిదా వెయ్యలేరు. ఇక పూర్తి హక్కు ఇచ్చేసి కింద "ఎన్నటికీ అమ్మరాదు" అని ఒక వాక్యం తగిలిస్తే 10వ సెక్షను ఆ వాక్యాన్నే కొట్టేస్తుంది, దస్తావేజు మాత్రం నిలుస్తుంది. చాలామంది తలకిందులుగా అనుకుంటారు, షరతు తప్పితే ఆస్తి వెనక్కి వస్తుందని. రాదు.

పటమట_ప్రూఫ్

అద్భుతం. కానీ పూడికతీత దగ్గరికి రండి స్వామీ.

తర్కం_తగువు

వచ్చే ముందు ఇంకో మజిలీ ఉంది, ఎందుకంటే మీ పైవాళ్లు అడిగే ‘అనివార్యం’ ఎంత గట్టిదో తేలేది అక్కడే. తర్కంలో, భాషాశాస్త్రంలో ఎన్‌టెయిల్ ఒక సాంకేతిక పదం. 1919లో జి.ఇ. మూర్ అనే ఇంగ్లీషు తాత్త్వికుడు, ‘ఒకదాని నుంచి ఇంకొకటి నిగమించవచ్చు (తర్కంతో రాబట్టవచ్చు)’ అన్న సంబంధాన్ని ఇటువైపు నుంచి చెప్పడానికి పేరు కావాలని ఈ క్రియని ఎంచుకున్నాడు. పాత లెక్కల పుస్తకాల్లో ప్రవచనాల (నిజమో అబద్ధమో తేల్చగల వాక్యాల) పాఠంలోని ‘అనుషంగికం’తో, అంటే ‘ఇదైతే అది’ అనే రూపంతో, దీన్ని కలపకూడదు. అనుషంగికంలో మొదటి ప్రవచనం అబద్ధమైతే చాలు, మొత్తం సత్యమైపోతుంది: "కృష్ణా నది గుంటూరు నడిబొడ్డున పారితే రెండు రెళ్లు ఐదు" అన్నది సత్య పట్టికలో సత్యమే. ఎన్‌టెయిల్‌కి అలాంటి దొడ్డిదారి లేదు, రెండిటి అర్థాల మధ్యే ముడి ఉండాలి.

పరీక్ష సులువు. మొదటి వాక్యం చెప్పి, ‘కానీ’ వేసి, రెండోదాన్ని కాదనండి. నోట్లో మాట అడ్డం తిరిగితే అది ఎన్‌టెయిల్‌మెంటు. "అందరూ వచ్చారు, కానీ కొందరు రాలేదు" అడ్డం తిరుగుతుంది. "కొందరు పాసయ్యారు, కొందరేంటి, అందరూ పాసయ్యారు" తిరగదు. కాబట్టి ‘కొందరు’ అన్నప్పుడు ‘అందరూ కాదు’ అని మనకి తోచేది సూచన మాత్రమే. గ్రైస్ అనే తాత్త్వికుడు దానికి ‘ఇంప్లికేచర్’ అని పేరు పెట్టాడు, ఆ వ్యాసం అచ్చయింది 1975లో. ఇక మూడో రకం: "అతను చుట్ట మానేశాడు" అన్నా "మానెయ్యలేదు" అన్నా ఒకప్పుడు తాగేవాడన్నది రెండిట్లోనూ అలాగే నిలుస్తుంది. అలా కాదన్నా పోనిది ముందస్తు ఊహ, దాన్నీ ఎన్‌టెయిల్‌మెంటునీ కలిపెయ్యకూడదు.

ఇంగ్లీషు పుస్తకాల్లోని ఉదాహరణలు తెలుగులోకి దింపేవాళ్లు తెలిసి తెలిసి పడే గొయ్యి ఒకటి ఉంది. "ఐ వోక్ హిమ్" అంటే అతను లేచాడన్నది అందులోనే ఉంది, కాదంటే ఇంగ్లీషువాడు ఒప్పుకోడు. తెలుగులో? "నిన్ను లేపాను, నువ్వే లేవలేదు." పొద్దున్నే ప్రతి ఇంట్లో వినపడే మాట! ‘లేపు’లో మన ప్రయత్నం ఉంది, అవతలివాడు లేవడం గ్యారంటీ లేదు. ‘ఎంత’ చేరిస్తే ఈ ముడి ఇంకా వదులవుతుంది: ఎంత నవ్వించినా నవ్వలేదు, ఎంత ఆర్పినా ఆరలేదు. ‘పగలగొట్టు’ మాత్రం అలా కాదు. "గ్లాసు పగలగొట్టాను, అది పగల్లేదు" అనలేం. కాబట్టి తెలుగులో ప్రేరణ క్రియ (లేచు నుంచి లేపు లాంటిది) కనిపించిన ప్రతిచోటా ఫలితం ఖాయమనుకుని ఉదాహరణ రాయకండి, ఒక్కొక్క క్రియనీ ‘కానీ’ పెట్టి చూసుకోండి.

బందరుకాల్వ

‘చంపు’ సంగతో? "దోమల్ని ఎంత చంపినా చావట్లేదు" అంటాం.

తర్కం_తగువు

చంపిన దోమలు చచ్చాయి, చావనివి వేరే దోమలు. ఒక్క దోమని చూపించి "దీన్ని చంపాను, చావలేదు" అనండి చూద్దాం.

లబ్బీపేట_లైబ్రరీ

తర్కంలో ఎన్‌టెయిల్‌కి ‘అర్థాపత్తి’ అని పెడితే సరిపోదా? వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకుల మాట, సిద్ధంగా ఉంది.

తర్కం_తగువు

సరిపోదు. అర్థాపత్తికి ఇచ్చే ఉదాహరణే చూడండి: దేవదత్తుడు లావుగా ఉన్నాడు, పగలు తినడు, కాబట్టి రాత్రి తింటున్నాడు. కనిపించిన రెండు విషయాలు పొసగడానికి మూడోదాన్ని ఊహించుకోవడం అది. వాక్యం అర్థంలోంచి దానంతటది తేలేది కాదు. ‘అవినాభావం’ (ఒకటి లేకుండా ఇంకోటి ఉండకపోవడం) కొంత దగ్గర, కానీ అది పొగకీ నిప్పుకీ మధ్య ఉండే లోక సంబంధం. నన్నడిగితే ‘దీని నుంచి అది తప్పక తేలుతుంది’ అని క్రియగా రాయడమే మేలు, కొత్త నామవాచకం పుట్టించే అవసరం లేదు.

కంప్యూటర్ భాషా పరిశోధన వాళ్ల వాడుక ఇంకా వదులు. 2005లో మొదలైన పోటీల్లో, మొదటిది చదివిన మామూలు మనిషికి రెండోది బహుశా నిజమేనని తోస్తే చాలు, ఎన్‌టెయిల్‌మెంటు కిందే లెక్క. ఆ పేపర్లు తెలుగు చేసేటప్పుడు ‘తప్పక’ తీసెయ్యాలి.

ఎర్రపెన్ను

పూడికతీతకి వెళ్లేలోపు ఇరుగుపొరుగు క్రియల్ని కూడా విడదీసేద్దాం, నోటీసుల్లో ఇవన్నీ కలగాపులగం అవుతుంటాయి.

‘ఇన్వాల్వ్’ పరిధి పెద్దది. "ద యాక్సిడెంట్ ఇన్వాల్వ్‌డ్ త్రీ లారీస్" అనొచ్చు, అక్కడ ఎన్‌టెయిల్ పెట్టలేం. పనిలోని భాగాలు చెప్పేచోట మాత్రం రెండూ నడుస్తాయి. ‘ఇంప్లై’ మాట ద్వారా సూచించడం, మనిషి కర్తగా రావచ్చు. ‘ఎన్‌సూ’ వెంటనే తర్వాత జరగడం, దానికి కర్మ ఉండదు, కారణం కావాలని కూడా లేదు: "మాటా మాటా పెరిగి గొడవ చెలరేగింది" అన్నచోట అది. ‘అక్రూ’ మెల్లగా పోగుపడడం, వడ్డీకి అదే మాట. ‘రిడౌండ్’ అరుదు, లాటిన్‌లో అల అని అర్థమున్న మాట నుంచి వచ్చింది, అల తిరిగొచ్చి తాకినట్టు మంచో చెడో చివరికి ఫలానావాడికి చేరడం, వెనక ఎక్కువగా ‘టు’ వస్తుంది. ‘ఇన్‌కర్’ ముందే చెప్పా: మనిషి కర్త, తెలుగులో ‘కొనితెచ్చుకొను’ దానికి అతికినట్టు సరిపోతుంది. భూతకాలంలో ‘ఆర్’ అక్షరం రెండుసార్లు రాయాలి, సగం ఫైళ్లలో ఒకటే ఉంటుంది.

అరండల్‌పేట_అనువాదం

ఇప్పుడు తెలుగు. ఫలితం చెప్పే క్రియల్లో మనకున్న సౌకర్యం ఇంగ్లీషుకి లేదు: మంచికీ చెడ్డకీ వేర్వేరు క్రియలు. లాభం చేకూరుతుంది, మేలు ఒనగూరుతుంది. నష్టం వాటిల్లుతుంది, ముప్పు ముంచుకొస్తుంది. "నష్టం చేకూరింది" అని పత్రికల్లో కూడా పడుతుంటుంది, చదివితే పంటికింద రాయి తగిలినట్టుంటుంది. కాబట్టి ఎన్‌టెయిల్‌కి తెలుగు వెతికేటప్పుడు ఆ క్రియని కాదు, దాని వెనకున్న నామవాచకాన్ని చూడండి. ఖర్చయితే ‘అవుతుంది’ లేదా ‘పడుతుంది’. రిస్కయితే ‘ఉంటుంది’. శ్రమయితే ‘తప్పదు’. శిక్షయితే ‘గురవుతారు’. ఉద్యోగమయితే ఏ క్రియా వద్దు, ‘ఈ ఉద్యోగంలో చేయాల్సిన పనులు’ అంటే సరి.

ఇంకోటి: ఇంగ్లీషు వాక్యంలో కర్త నామవాచకం, ‘ఫెయిల్యూర్’, ‘చేంజ్’. దాన్ని నామవాచకంగానే ఉంచితే "ప్రారంభించకపోవడం అనేది జప్తును కలిగిస్తుంది" అని వస్తుంది. ‘తే’తో విరగ్గొట్టండి: మారిస్తే, ప్రారంభించకపోతే. ఆ ‘తే’లోనే ఎన్‌టెయిల్ సగం వచ్చేస్తుంది, మిగతా సగం చివరి క్రియ చూసుకుంటుంది.

మాటల్లో అయితే బోలెడున్నాయి, తడిసి మోపెడవుద్ది, మెడకు చుట్టుకుంటది. నోటీసులోకి రావనుకోండి.

కొండవీటి_చాంతాడు

అలైన్‌మెంట్ మారిస్తే తడిసి మోపెడవుద్ది అని రాస్తే కాంట్రాక్టర్లకి వెంటనే అర్థమవుద్ది గదా, ఒక్కసారి ప్రయత్నించి చూడండి.

పటమట_ప్రూఫ్

సరే, ఇవీ తయారైనవి:

ఒకటి: ఈ పనిలో మురుగుకాల్వల పూడిక తీయడం, తీసిన పూడికను బయటకు తరలించడం ఉంటాయి.
రెండు: అలైన్‌మెంట్‌లో ఏ మార్పు చేసినా అదనపు ఖర్చవుతుంది.
మూడు: గడువులోగా పని ప్రారంభించకపోతే డిపాజిట్ జప్తు చేయబడవచ్చు.

బ్రాడీపేట_వకీలు

మూడోది ఆపండి. ‘షల్ ఎన్‌టెయిల్’కి ‘జప్తు చేయబడవచ్చు’ అంటే చెయ్యొచ్చు, మానెయ్యొచ్చు అని అర్థం వస్తుంది. మూలంలో ఆ వెసులుబాటు లేదు. రేపు జప్తు చేస్తే కాంట్రాక్టరు తెలుగు ప్రతి పట్టుకుని కోర్టుకెక్కుతాడు. ‘జప్తు అవుతుంది’ అని ఉండాలి. ఎవరు జప్తు చేస్తారో వేరే క్లాజులో ఉంటే ఇక్కడ కర్త అక్కర్లేదు. రెండు ప్రతుల్లో తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుందన్న వాక్యం నోటీసు చివర ఉందో లేదో కూడా చూడండి.

ఎర్రపెన్ను

ఒకటో వాక్యంలో ‘ఉంటాయి’ చాలదు. ఆ పనులు చేస్తేనే పని పూర్తయినట్టు అన్న బలం మూలంలో ఉంది. ‘ఈ పని కింద పూడిక తీయాలి, తీసిన పూడికను బయటకు తరలించాలి’ అనండి. ‘ఉంటాయి’ అని వదిలేస్తే పూడిక తీసి గట్టున పోసి బిల్లు పెడతారు.

పటమట_ప్రూఫ్

రెండూ మార్చాను. ఇంగ్లీషు ప్రతి చెల్లుతుందన్న వాక్యం 14వ క్లాజులో ఉంది. అందులో ‘ప్రివెయిల్’ అని ఉంది, దాని గురించి వేరే దారం తెరుస్తా.